కాలెత్తని ప్రార్థన

గల్లా వారి పాటల టేపు ఫరీదాబాదులోని ఒక తెలుగు టైపిస్టుకు ఎలా దొరికింది? నాకు ఈనాటికీ అంతుపట్టదు. అది విన్న రోజు నుంచి ఆ టైపిస్టు, అంటే మా ఆమోసు గారు, మనుషుల ముఖాలు మానేసి పాదాలు చూడసాగారు.

గల్లా వారంటే అమెరికా తూర్పుతీరపు దీవుల్లోని నల్లవారు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావారి సంతతి. ఒకరు కర్రతో నేలమీద తాళం వేస్తుంటే వలయంగా తిరుగుతూ దేవుణ్ణి స్తుతించి పాడతారు. పాదం నేల విడవకూడదు, కాలు కాలును దాటకూడదు. దాటితే నాట్యం, పాపం. దాటకపోతే ప్రార్థన. ఆమోసు గారికిది పదకొండో ఆజ్ఞ.

“పైర్ మత్ ఉఠావో, భయ్యా!” అని ఒకసారి బస్సెక్కబోయేవాణ్ణి ఆపారు. కాలెత్తకుండా ఎలా ఎక్కాలని అతనడిగాడు. ఆ తరువాతి మాటలు రాయదగ్గవి కావు.

ఎనభై ఒకటి క్రిస్మసుకు మా సంఘంలో ఇదే కార్యక్రమం అన్నారు. పాస్టరు ఆనందబాబు గారు అదిరిపడ్డారు.

“మందిరంలో డాన్సేమిటండీ?”

“డాన్సెక్కడిదయ్యగారూ? కాళ్లు చూడండి, దాటాయా?”

“మరి ఆ నేల తుడిచే పోఛా కర్ర?”

“మృదంగమండి.”

అప్పటికి మా బెంగంతా నర్సు రెబ్కా గురించి. సంఘంలో అంత మంచి గొంతు మరొకరికి లేదు. పోలియో వల్ల కుడికాలు ఈడుస్తుంది. కిందటేడు ఆమె స్టేజీ మీదికి నడుస్తుంటే ఎవరో కిసుక్కుమన్నారు. ఇక తెరవెనక నుంచే పాడతానని ఒట్టేసుకుంది. ఎందరు బతిమాలినా వినలేదు. ఆమోసు గారు మాత్రం ఒక్కమాటా అనలేదు. రెండు నెలలు పదహారుమంది చేత కాళ్లీడ్పించారు.

“అంకుల్, యే తో బోరింగ్ హై!” అంది జయకుమారి. డాన్సులో ప్రైజులన్నీ ఆ పిల్లవే.

“బోరే తల్లీ. మడమ దించు.”

క్రిస్మసు సాయంత్రం వలయం తిరుగుతోంది. తెరవెనక రెబ్కా ఒక చరణం పాడింది, మేం అందుకున్నాం. రెండో చరణానికి ఆ గొంతు బాగా దగ్గర్నుంచి వినబడింది. చూస్తే ఆమె మా మధ్యలో ఉంది! అందరివీ ఈడ్చే కాళ్లే. ఒక కాలు ఎక్కువైందని ఎవరూ గమనించలేదు. అంతమందిమి కాళ్లీడ్చింది ఎవరికోసమో నాకు అప్పుడు వెలిగింది.

ముందువరసలో అతిథిగా వచ్చిన డాక్టరు గారి భార్య జయకుమారిని చూపించి, “పాపం, ఆ పిల్ల కాలికేమైందండీ?” అని అడిగింది.

పాటవగానే ఈ మాట చెప్పి నవ్విద్దామని ఆమోసు గారికోసం వెతికాను. చలికి మఫ్లరు చుట్టుకుంటూ, ఎవరితోనూ చెప్పకుండా గేటు దాటిపోతున్నారు.