సగంలో ఆపిన వాక్యం

నా చిన్నప్పుడు తమిళనాడు గుడియాత్తంలో మా సంఘం మొత్తానికి తెలుగు బైబిలు చదవగలిగింది నేనొక్కదాన్నే. అందరివీ మేస్త్రీల కుటుంబాలే. మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివింది అరవం. మా అమ్మ పట్టుబట్టి వేరే ఊరి పంతులు చేత నేర్పించిన అక్షరాలతో నేను చదువు రాని మా తాతయ్యకు కళ్ళజోడునయ్యాను. ఆ గర్వం నాకు కొంచెం కాదు.

తాతయ్య సంఘపెద్ద. మందిరం గోడలు ఆయన చేత్తో లేపినవే. ఆ ఏడాది పెంకులు దించి మిద్దె వేయాలనుకున్నారు. కాంక్రీటు కలిపే మిషన్లు మా ఊరికి కొత్తగా వస్తున్న రోజులవి. వేలూరులో కాంట్రాక్టరు దగ్గర పనిచేసే పక్కింటి అన్న మిషను తెస్తానన్నాడు, పని తన చేతికే ఇవ్వాలన్నాడు. తాతయ్య కుదరదన్నాడు. కుర్రాళ్ళంతా అతని వైపు చేరి, సంఘపెద్దనే మార్చేద్దామనే దాకా వచ్చారు. తాతయ్యకు అన్నం సహించలేదు.

ఆదివారం వేలూరు నుంచి పాస్టరు అయ్యగారు వచ్చారు. ఆరాధన అయ్యాక తాతయ్యనీ అన్ననీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. చిన్నవాళ్ళు పెద్దలకు లోబడి ఉండాలన్న వాక్యాన్ని తాతయ్య నా చేత చదివించాడు. అన్న తన అరవ బైబిలు తీసి, నీ యవ్వనాన్ని బట్టి ఎవరూ నిన్ను చులకన చేయకూడదని చదివాడు. రెండు వైపులా ఆమెన్లు. దేవుడే ఇద్దరికీ రెండు మాటలు చెప్పాడా అని నాకు భయం వేసింది.

"రెండూ దేవుడి మాటలేనప్పా. ఎవురికి రాసింది ఎవురు చదవతా ఉండారో చూడాల గదా" అన్నారు అయ్యగారు. నా వైపు తిరిగి, "అమ్మా, దానికి పైన పెద్దోళ్ళకేమి రాసుండాదో చదువు" అన్నారు.

అక్కడేముందో నాకు తెలుసు. ముందురోజు ఇంట్లో చదువుతుంటే "అదొద్దులే మ్మా, కిందిది చాలు" అన్నది తాతయ్యే. ఆయన ముఖం వైపు చూశాను. తల దించుకున్నాడు. పెద్దలు మందమీద పెత్తనం చేయక మందకు మాదిరిగా ఉండాలని చదివాను. తర్వాత అన్నను కూడా మిగతా సగం చదవమన్నారు. మాటలోనూ నడతలోనూ అందరికీ మాదిరిగా ఉండమని ఉంది. ఇద్దరూ వదిలేసింది ఒకటే మాట. ఇంటికి పోవడానికి ఆమెన్లు కొట్టినవాళ్ళెవరూ ముందు లేవలేకపోయారు.

ఇల్లు దగ్గర పడ్డాక తాతయ్య, "నాకు చదువు రాలేదని యానాడూ సిగ్గుపడలేదు మ్మా. నీ నోట్లోంచి సగమే చెప్పించినానే, అదీ సిగ్గు" అన్నాడు. చిన్నపిల్లనైన నాతో అంత పెద్దాయన అలా అనేసరికి నాకూ తలెత్తబుద్ధి కాలేదు. మిద్దె మిషనుతోనే వేశారు. తాతయ్య దగ్గరుండి ఇనుప కంబి కట్టించాడు, అన్న ఆయన్ని అడగకుండా ఒక్క పనీ చేయలేదు.

ఇప్పుడు నా తలా నెరిసింది. పిల్లలు ఎదురు చెప్పినప్పుడల్లా, చిన్నవాళ్ళు లోబడాలన్న ఆ వాక్యం నా నాలుక చివరిదాకా వస్తుంది. అది వాళ్ళకు రాసిందని గుర్తొచ్చి ఆగిపోతాను. నాకు రాసింది దానికి కాస్త పైనే ఉంది.