చీమలు తిన్న మూలుగ

సన్నటి ఇనపకడ్డీని ఎముక గొట్టంలోకి తోసి, మెల్లగా తిప్పుతూ వెనక్కి లాగింది పిడులమ్మ. మూలుగ మెత్తటి వత్తిలా, ఎక్కడా తెగకుండా బయటికొచ్చింది. మామూలుగా అయితే అలా ఒకే ముక్కగా వచ్చినందుకు ఆ పూటంతా ఆమెకు హాయిగా ఉండేది. ఇవాళ దాని వంకైనా చూడలేదు. చేతులు కూడా తుడుచుకోకుండా లేచి, ఆరోసారి కిటికీ దగ్గరికి వెళ్లింది.

కిటికీ గట్టు మీద ఎండకు కాలుతున్న ఇనపరేకు. రేకు మీద తెల్లకాగితం. కాగితం మీద జానెడు పొడవున్న పలచటి ఎముక చెక్క. పుస్తకాలు బైండు చేసేవాళ్లు కాగితం మడిచాక, మడత మీద ఒత్తి లాగేది దీనితోనే. పన్నెండింటికి బైండింగ్ మాస్టారు దానికోసం వస్తారు.

పోయినేడు ఆయనకిచ్చిన చెక్క నాలుగు నెలలు బాగానే నడిచింది. ఎండలు ముదిరాక చేతివేడికి ఎముకలోని కొవ్వు కరిగి పైకి ఊరింది. ఒక పాత రిజిస్టరు పేజీ నడిమధ్యన పసుపుపచ్చటి గీత పడింది. మాస్టారు కేకలేయలేదు. చెక్క తెచ్చి బల్ల మీద పెట్టి, "తప్పు నాదేనని ఆఫీసులో చెప్పుకున్నానమ్మా" అని వెళ్లిపోయారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఈసారి ఆయన చేతికి నలభై పటాలున్న పాత పుస్తకం వచ్చింది. "దీని మూలుగంతా ఆ పటాల్లోనే ఉంది, మిగతాది వట్టి అట్ట" అన్నారు పని చెప్పడానికి వచ్చినప్పుడు. "ఈసారి కూడా తేడా వస్తే ప్లాస్టిక్‌దే కొనుక్కుంటానమ్మా. ఏమీ అనుకోకు."

"అలా చూస్తూ ఉంటే ఆ ఎముక సిగ్గుతోనే కరిగిపోయేలా ఉంది వదినా" అంది ఆడపడుచు, కుట్టుమిషన్ మీంచి తల ఎత్తకుండా.

"నీ పని నువ్వు చూసుకో."

"చూసుకోనిస్తేగా. పొద్దుట్నుంచీ నా మూలుగ పీల్చేస్తున్నావు. నువ్వు కూర్చోవు, నన్ను కూర్చోనివ్వవు."

ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. పిడులమ్మ భర్త మాంసం దుకాణంలో పనిచేసేవాడు. ఆయన పోయాక అదే దుకాణంలో ఈమె కత్తులు కడగడానికి చేరింది. పిడి ఊడిన కత్తిని పారేస్తుంటే ఇంటికి తెచ్చుకుంది. దాన్ని విప్పి, ఏ మేకు ఎక్కడ దిగిందో చూసి, దుకాణంలో మిగిలిన ఎముకతో కొత్త పిడి వేసింది. మొదటిది వారానికే చీలిపోయింది. ఏడోది ఇంకా ఆ దుకాణంలో ఉంది. ఎవరూ నేర్పలేదు, చెడగొట్టిన ఎముకలే నేర్పాయి. పేరు కూడా పిడులే పెట్టాయి.

ఆమె నేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా కష్టమైనది మూలుగ సంగతి. గొట్టంలోది తీసేయడం తేలిక. ఎముక గోడల్లో ఇంకిన కొవ్వును రప్పించాలంటే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నలభై రోజులు నానబెట్టాలి. రోజూ నీళ్లు మార్చాలి. ఎముకను మరిగించకూడదు. పోయినేడు మాత్రం పని ఎక్కువై, తొందరపడి మరిగించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లతో ఎముకే మంచిది కాదంది.

పదిన్నరకు చెక్కను పక్కకు జరిపి చూసింది. కాగితం మీద, చెక్క ఆనిన చోట, గోరంత మేర నూనెమరక. కాగితాన్ని వెలుతురుకెత్తి పట్టుకుంది. సందేహం లేదు.

"ఎముక నానబెట్టిన గిన్నెను ఎవరైనా పొయ్యి మీద పెట్టారా?"

మిషన్ ఆగింది. ఇద్దరే ఉన్న ఇంట్లో ఎవరైనా అని అడిగితే ఎవర్ని అడిగినట్టో ఇద్దరికీ తెలుసు.

"నువ్వు ఎముకలు తేవడానికి వెళ్లిన రోజు" అంది ఆడపడుచు. "నీళ్లు చల్లారి పైన తెట్టు కట్టింది. వెచ్చగా ఉండాలన్నావుగా అని పెట్టాను. పెట్టినదాన్ని ఊరుకోక ఇంకో రెండు పొంగులు రానిచ్చాను. కొవ్వంతా వదిలిపోతుందిలే అనుకున్నా."

"నాకు చెప్పొద్దూ?"

"చెబుదామనే అనుకున్నా. మర్నాడు చూసి ఎంత తెల్లగా వచ్చిందో అని మురిసిపోయావు. ఇంక నోరు రాలేదు."

పిడులమ్మ తిట్టబోయి మానుకుంది. గది ఈ చివర్నుంచి ఆ చివరికి రెండుసార్లు తిరిగింది.

"మరిగిస్తే కొవ్వు బయటికి రాదే. ఇంకా లోపలికి దిగుతుంది. పోయినేడు నేను చేసిందీ అదే."

"ఎముకదే తప్పన్నావుగా?"

"అన్నాను."

"ఆ ఒక్క ముక్క అప్పుడే నాకు చెప్పుంటే గిన్నె జోలికి పోయేదాన్నా?"

పిడులమ్మ మరకపడ్డ కాగితాన్ని మడిచి పక్కన పడేసింది.

"సరేలే, ఇదే ఇచ్చెయ్" అంది ఆడపడుచు, గొంతు తగ్గించి. "పోయినేడుది నాలుగు నెలలు ఆగిందిగా. ఆయన పటాలు నెలలో అయిపోతాయి. ఎండలు వచ్చేసరికి చూసుకోవచ్చు."

ఆ మాట విన్నాక పిడులమ్మ మళ్లీ నడిచింది. బల్ల దాకా, కిటికీ దాకా, మళ్లీ బల్ల దాకా. నెల రోజులు. నలభై పటాలు. ఏ పటం మీద ఊరుతుందో ఎవరికి తెలుసు? ఈ నెలంతా తనకు నిద్ర ఎక్కడిది?

బల్ల మీద ఆమె సొంత చెక్క ఉంది. కత్తుల ఒరలకు తోలు అంచులు నొక్కేది. ముప్పై ఏళ్ల కిందట, బీడులో ఎండకూ వానకూ పడి ఉన్న ఎముకతో చేసుకుంది. అలాంటివి నూటికి తొంభై బీటలు వారతాయి, అది వారలేదు. మూలుగ ఎప్పుడో చీమలు తినేశాయి. తను కడ్డీ పెట్టేనాటికి లోపల కాస్త మట్టి తప్ప ఏమీ లేదు. బొటనవేలు ఆనే చోట గుంట పడింది.

దాన్ని సబ్బుతో కడిగి, తుడిచి, మరో తెల్లకాగితం మీద ఎండలో పెట్టింది. పదకొండు గంటలకు తీసి చూసింది. కాగితం కాగితంలాగే ఉంది.

"వదినా, రేపట్నుంచి తోలు దేంతో నొక్కుతావు?"

"నీ నాలుకతో. దానికీ పదునుంది."

చెక్కను బల్లకున్న ఇనపపట్టులో బిగించి ఆకురాయి అందుకుంది. కిందటేడు మాస్టారు తెచ్చి పెట్టిన చెక్క సొరుగులోంచి తీసి పక్కన పెట్టుకుంది. ఆయనది ఎడమచేతివాటం, అరుగుదల అంతా అటే ఉంది. తన చెక్క వాలు కుడిచేతికి తగ్గట్టుంది. ఆ అంచు తీసేసి, వాలును రెండోవైపుకు తెచ్చింది. రాలిన పొడిలో కొవ్వు కమురువాసన లేదు. గరుకు కాగితంతో రుద్ది, తడిపి, సన్నటి కాగితంతో మళ్లీ రుద్దింది. బొటనవేలి గుంటను మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకుంటే చెక్క మరీ పలచబడుతుంది.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా మాస్టారు గుమ్మంలో చెప్పులు విడిచారు.

"మీకని చేసింది చెడిపోయింది మాస్టారూ" అంది పిడులమ్మ, ఆయన కూర్చోకముందే. "ఇది నాది, ముప్పై ఏళ్లుగా వాడుతున్నది. ఇంకోటి. పోయినేడు మరక తప్పు మీది కాదు, ఎముకదీ కాదు. నేను మరిగించాను."

ఆడపడుచు మిషన్ తొక్కడం ఆపింది.

మాస్టారు చెక్కను ఎడమచేతిలోకి తీసుకున్నారు. జేబులోంచి కాగితం తీసి, మడిచి, మోకాలి మీద పెట్టుకుని ఒకసారి ఒత్తి లాగారు. విప్పి చూశారు. మళ్లీ మడిచి, ఈసారి గట్టిగా లాగారు.

"ఈ గుంట?"

"నా బొటనవేలు."

"నాది కాస్త పెద్దది" అన్నారాయన, వేలు అందులో ఆనించి చూస్తూ. "సర్దుకుంటుందిలే."

చెక్కను మడిచిన కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని, చెప్పులేసుకున్నారు.