సుగుణమ్మ టీచరు నింపిన తొట్టి

కడపలో మా నీటి పరీక్షల ల్యాబు వెనక, ఎండిన సిమెంటు మీద నీళ్లు పడి వాసన లేచినప్పుడల్లా నాకు సుగుణమ్మ టీచరు గుర్తుకొస్తారు. వెంటనే, ఆమె నేర్పిన అలవాటు కొద్దీ, చూసినదాన్ని విన్నదాని నుంచి వేరు చేసుకుంటాను. ఆత్మకూరులో ఆమె మాకు సైన్సు చెప్పారు, చర్చిలో ముందు వరుసలో కూర్చునేవారు, తన తోటలోని తొట్టిని బాప్తిస్మానికి ఇచ్చారు. ఇవి చూసినవి. ఆమె కూడా రహస్యంగా అందులో మునిగారన్నది వినికిడి. చెప్పినవాళ్లలో ఒక్కరూ ఆ రోజు అక్కడ లేరు.

మా చర్చి సంఘంలో పసిపిల్లల తల మీద నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. అది చెల్లదని, పెద్దయ్యాక నమ్మి నీళ్లలో మునగాలని కొన్ని కుటుంబాలు సంఘం నుంచి విడిపోయాయి. టీచరు పక్కింటి దర్జీ ఏసుదాసు వాళ్లకు పెద్ద. ప్రహరీగోడకు అటొకరు ఇటొకరు నిలబడి వాదించుకునేవారు. టీచరు ఏనాడూ తగ్గలేదు. ఒక వేసవిలో, వాళ్లు బాప్తిస్మం ఇచ్చుకునే కాలువ ఎండింది. మునగాలన్నవాళ్లకు మునిగేందుకు నీళ్లు లేవని మావాళ్లు నవ్వుకున్నారు. టీచరు బోరు మోటారు వేశారు.

"నీ బోధ తప్పు ఏసుదాసూ. రేపు అడిగినా తప్పనే అంటా. తొట్టి నింపుతాండా, నీవాళ్లను పిల్చుకోని రా."

"మీవాళ్లు ఊరుకుంటారా టీచరమ్మా?"

"ఊరుకోరు. తొట్లో పాచి శానా ఉండాది. బోధలో ఎట్లాగూ జారినారు, ఈడన్నా జారకుండా దిగండి."

డిగ్రీ సెలవుల్లో ఉన్న నేను నిండుతున్న తొట్టి అంచున పాచి కడుగుతుండగా సంఘ పెద్దలు వచ్చారు.

"తొట్టి ఇస్తే వాళ్ల బోధ ఒప్పుకున్నట్టే. ఆపకుంటే ప్రభువు బల్ల కాడ మీకు రొట్టె లేదు" అన్నారు.

"ఒప్పుకోలా. తప్పని వాళ్ల మొగం మీదే చెప్పినా. మీరేమో చాటున నవ్వుతాండారు. వాళ్లు మనకు అన్నదమ్ములు కారని యాడ రాసుండాదో చూపీండి, మోటారు ఆపేస్తా."

మోటారు ఆగలేదు.

తర్వాతి ఆదివారం, ప్రభువు బల్ల ఆరాధనలో సంఘమంతటికీ పంచే రొట్టె పళ్లెం ఆమెను దాటుకుని వెళ్లింది. ఆమె పోయేవరకూ ప్రతిసారీ అలాగే వెళ్లింది. ఆమె మాత్రం ఆ ముందు వరుస వదలలేదు. "రొట్టె మా కాడ తీసుకోండి టీచరమ్మా" అని ఏసుదాసు ఒకసారి గోడ మీదుగా పిలిచాడు.

"మీ కాడికొస్తే ముందు మునగమంటావు. నేను మునగను. పోప్పా, పోయి నా జాకెట్టు కుట్టు."

రహస్యంగా మునిగి ఉంటే అక్కడైనా ఆమెకు రొట్టె దొరికేది. అక్కడా తీసుకోలేదు. వినికిడికి నా జవాబు ఇదే.

నేటికీ నేను విభేదిస్తే ఎదుటే విభేదిస్తాను, ఆ మనిషితో మాత్రం తెంచుకోను. అది మెతకతనమన్నవారిని ఆధారం చూపమంటాను. ఒక్క ప్రశ్న మిగిలింది. ఆ రోజు తొట్టిలో వాళ్లు మునుగుతున్నంతసేపూ టీచరు తువ్వాళ్లు పట్టుకుని, కళ్లు మూసుకుని గట్టున నిలబడ్డారు. వాళ్లకోసం ప్రార్థించారా, తప్పని నమ్మినదాన్ని చూడలేకపోయారా? మూసిన కళ్లు బయటి నుంచి ఒకేలా ఉంటాయి. చెప్పగలిగిన మనిషి ఇప్పుడు లేరు. మునిగి లేచిన ప్రతి ఒక్కరికీ తువ్వాలు అందిందన్నది మాత్రం నేను చూశాను.