నిక్కరు మడత

నా చిన్నప్పుడు నేనాడిన ఒక అబద్ధాన్ని మా ఇంట్లో ఇప్పటికీ నిజమనే నమ్ముతున్నారు. ఇది చదివి మావాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ.

పుంగనూరులో మా పక్కిల్లు ఒక సాయిబుల కుటుంబానిది; ఆ ఇంటామెను వాళ్ళ పిల్లల్లాగే మేమూ ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళం. వీధిలోని పిల్లలందరి బడి నిక్కర్లూ ఆమే కుట్టేది. ఎదిగే పిల్లలు కదా అని కింద నాలుగు వేళ్ళ మడత వదిలి, ఏటా కొంచెం విప్పేది. నా నిక్కరుకు మాత్రం రెండేళ్ళయినా ఆ పని పడలేదు.

"ఏమప్పా, గుడ్డ చిరిగిపోతాండాది గానీ నువ్వు పెరగవే. ఏం తింటాండావు?" అంది ఒకరోజు. సంగటి, ఊరగాయ అన్నాను. అదీ సగం పళ్ళెంలోనే వదిలేసేవాణ్ణి.

నాకు మంచి తిండి పెట్టమని ఆమె మా అమ్మతో చెప్పి చూసింది. మా అవ్వ ఆ మాట సాగనివ్వలేదు. "మా వంశమే పొట్టి. గుడ్డలు కుట్టేదానికి వైద్యం యాల?"

ఖాలా కొలత తియ్యాలంటూ రోజూ బడి వదలగానే నన్ను పిలిచేది. ఉడికించిన గుడ్డు, వేయించిన గుమ్మడి విత్తనాలు, శుక్రవారమైతే కైమా. "తింటేనే టేపు" అనేది. ఆ ఇంట్లో ఏమీ ముట్టకూడదని అవ్వ కట్టడి. నేను ఇంకా ఇంకా అడిగి, పళ్ళెం నాకి మరీ తిన్నాను. ఏడాది తిరిగేసరికి ఖాలా రెండు వేళ్ళ మడత విప్పింది.

ఎవరో అవ్వ చెవిన వేశారు. నిలదీస్తే, "వద్దన్నా బలవంతంగా పెట్టింది" అనేశాను. అవ్వ నడివీధిలో నిలబడి ఆమెను నానా మాటలూ అంది. ఖాలా నావైపు ఒక్కసారి చూసింది, అంతే. నన్ను పట్టివ్వలేదు. ఆ తర్వాత వీధిలో ఎవరూ ఆమెకు గుడ్డ ఇవ్వలేదు. వాళ్ళు మదనపల్లెకు వెళ్ళిపోయారు.

మొన్న మా అబ్బాయి ఎదగడం లేదని మదనపల్లెలో డాక్టరుకు చూపించాను. జింకు తక్కువగా ఉందని, అదీ ఒక కారణం కావచ్చని అన్నాడు. గుడ్లు, మాంసం, గుమ్మడి విత్తనాలు పెట్టమన్నాడు. ఖాలాకు జింకు అన్న మాట తెలియదు. నిక్కరు మడత తెలుసు. ఫోన్‌లో చెబితే అమ్మ, "మన వంశమే పొట్టి కదప్పా" అంది. కాదన్నాను. ఇక ఆ మాటకు నేను తలవంచను.

మావాణ్ణి వెంటబెట్టుకుని, టైలరు అంగళ్ళలో అడుగుతూ ఖాలా ఇల్లు పట్టుకున్నాను. అరుగు మీద కూర్చుని ఉంది. చూపు బాగా తగ్గింది. నేనెవరో చెప్పగానే మావాడి ప్యాంటు అంచు తడిమి, "ఈడా మడత అట్నే ఉండాదే" అని నవ్వింది. లోపలికి రమ్మంది.

"లేదు ఖాలా. నిన్ను తిట్టింది వీధిలో. నేనూ వీధిలోనే చెప్తా. నువ్వు బలవంతం చెయ్యలా. నేనే అడిగి అడిగి తింటి. అబద్ధం చెప్తి. తప్పయిపోయింది."