మేనమామకు గడి లేదు

సిడ్నీ రైలు పారమట్టా దాటేసరికి ఎదుటి సీటు పెద్దమనిషి, అప్పల్సామి పెట్టె మీది పేరు చదవడం పూర్తి చేశాడు.

"మనవాళ్ళే. ఏ ఊరు బాబూ?"

"లంబాసా, అంకుల్."

"విజయనగరం పక్కనా?"

"ఫిజీలో."

పెద్దమనిషి పేరు కోటేశ్వరరావు, తెనాలి. ఫిజీలో తెలుగు బతికి ఉన్నందుకు మురిసిపోయి, వెంటనే దాన్ని సవరించడం మొదలుపెట్టాడు. రైళ్ళలోనూ ఓడల్లోనూ ఎదుటి సీటుకి ఒక మహత్తు ఉంది. అందులో కూర్చున్నవాడు ఏ దేశంలోనైనా సగం ప్లీడరు అయిపోతాడు. రంగూను స్టీమర్ల నాటినుంచీ ఇదే వరస. కొత్త కూలీకి పాత కూలీ చెప్పే చట్టం, దాన్ని రాసిన దొరకి కూడా తెలిసుండదు.

ఏ వీసా మీద ఉన్నావని అడిగితే అప్పల్సామి దాచలేదు. ఎనభై ఏడులో ఫిజీలో మిలిటరీ వాళ్ళు గద్దెక్కాక సిడ్నీ వచ్చాడు. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సుగా చేసే సరోజ్‌ని పెళ్ళాడాడు. ఆమె ఇక్కడి పౌరురాలు. ఆమె మొగుడిగా శాశ్వత నివాసానికి పెట్టుకున్న అర్జీ ఇంకా తేలలేదు. తేలేలోగా అనుమతి లేకుండా దేశం దాటితే అది చెల్లదు. ఫిజీలో కూర్చుని మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకోవాలి. ఏడాది పడుతుందో, రెండేళ్ళో. ఎల్లుండేమో లంబాసాలో అక్క శాంతి కూతురు ఆషిక పెళ్ళి. పిల్లని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకెళ్ళవలసిన మేనమామ ఇతనొక్కడే.

అనుమతి అడగకపోలేదు. ఆఫీసులో కుర్రాడు పాపం మంచివాడే, అంతా ఓపిగ్గా విన్నాడు. పెళ్ళికూతురు నీ కూతురా అన్నాడు. కాదు. తండ్రి ఉన్నాడా? ఉన్నాడు. మరి ఆయనే ఎత్తుకోవచ్చుగా? తండ్రి ఎత్తుకోకూడదని అప్పల్సామికి తెలుసు. ఎందుకు కూడదో ఇంగ్లీషులో తెలియలేదు; తెలుగులో తెలుసునా అంటే అదీ లేదు. కుర్రాడు విచారంగా ఫారం చూపించాడు. జబ్బుకి గడి ఉంది, చావుకి ఉంది, మేనమామకి లేదు.

నిన్న పెట్టె సర్దింది సరోజే. నాలుగు రోజుల పెళ్ళికి ఉన్న చొక్కాలన్నీ పెట్టేసింది. ఇన్నెందుకంటే, "ఎన్నాళ్ళుండాలో గవర్నమెంటుకే తెలీదుగా," అని వీపు తిప్పుకుంది. వద్దు అని మాత్రం అనలేదు. అంటే బాగుండునని రాత్రంతా అనిపించింది అప్పల్సామికి.

కోటేశ్వరరావు ఇదంతా విని తేలిగ్గా నవ్వాడు. ఇంత చిన్న సంగతికి అర్జీ పోగొట్టుకుంటారా? అమ్మగారికి గుండెజబ్బని ఉత్తరం పుట్టిస్తే సరి. తనకి తెలిసిన డాక్టరున్నాడు, సెంట్రల్‌లో దిగి వెనక్కి వెళదాం, విమానం ఇవాళ కాకపోతే రేపు ఎక్కవచ్చు. మా మామగారు కాగితాల మీద మూడుసార్లు మంచాన పడ్డారు, ఇప్పటికీ తెనాలిలో సైకిలు తొక్కుతున్నారు అని భరోసా ఇచ్చాడు.

ఉత్తరం ఉంటే సరోజ్ ఏడాదో రెండేళ్ళో ఒంటరిగా ఉండక్కర్లేదు అనుకున్నాడు అప్పల్సామి. రెడ్‌ఫర్న్ వచ్చింది, పోయింది.

"పెళ్ళింట అమ్మకి చావు రాస్తే ఎట్టా అంకుల్?"

"చావు కాదయ్యా, జబ్బు. అయినా కాగితం మీదేగా."

"నేనూ ఇక్కడ కాగితం మీదే ఉన్నా గదా."

కోటేశ్వరరావుకి ఇది వినబడలేదు. జేబులోంచి పెన్ను తీసి, పేపరు అంచు చింపి మోకాలి మీద పరుచుకున్నాడు. రైలు సెంట్రల్‌లో ఆగుతోంది.

"అమ్మగారి పేరు చెప్పు. వయసు నేనే చూసి వేస్తాలే."

పేరు నోటిదాకా వచ్చింది. చెబితే ఆవిడ మంచాన పడుతుంది. అప్పల్సామి పెట్టె అందుకున్నాడు. "ఇంటిపేరుతో సహా," అంటూ పెద్దాయన తల వంచుకుని రాయడానికి సిద్ధమవుతుండగానే ప్లాట్‌ఫారం మీదికి దిగి, ఎయిర్‌పోర్టు బస్సు ఎటో ఆయన్నయినా అడక్కుండా, వెతుక్కుంటూ జనంలోకి నడిచిపోయాడు.