పరుపు కింద మట్టి లేదు కదా!

ఆకుపచ్చ కవర్ కనబడితే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతయి. నవ్వుతే నవ్వుండ్రి గని చాయ్ తాగుకుంట నవ్వకుండ్రి, ముక్కులకు పోతది. పంజాగుట్టల మా ఆడిబిడ్డ సులోచన కొత్త ఫ్లాట్ గృహప్రవేశం నాడు నా ఇజ్జత్ ఎట్ల ముక్కలు ముక్కలైందో ఇనుండ్రి.

అప్పుడు అమీర్‌పేటల ఏ గల్లీల చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. బస్సు దిగుడే ఆలస్యం, చేతుల కాయితం పెట్టి "జావా నేర్చుకుంటరా ఆంటీ?" అని నన్ను సుత అడుగుతుండ్రి! మా మీది అంతస్తుల కోర్సు పిల్లలు కిరాయికి ఉంటుండె. పొద్దుగాల నల్లా కాడ బకెట్ల లొల్లి, పొద్దూకి మెట్ల మీద ఇంటర్వ్యూల ముచ్చట్లు. ఇల్లంతా జాతరే. ఇప్పుడు లిఫ్ట్ పెట్టిచ్చినం. మెట్ల మీద కూసునేటోళ్లే లేరు.

వాళ్లల్ల రేణుక అని రాజమండ్రి పిల్ల. ఒకనాడు పర్యావరణం మీద గ్రూప్ డిస్కషన్ ఉందని మెట్ల మీద కూసోని ఇంగ్లీష్ మాటలు వల్లె వేస్తుంది. నేను పక్కన కవర్లు మడత పెడుతున్న. మా ఇంట్ల కవర్ బయట పారేసుడు లేదు. దులిపి, తుడిచి, నాలుగు మడతలేసి పరుపు కింద పెట్టాలె. మడత వంకర పోతే నాకు నిద్ర పట్టదు.

"రీయూజ్ అంటే వాడిందే మళ్లీ వాడటం పెద్దమ్మగారూ."

"నేను పెండ్లైన కాన్నుంచి అదే చేస్తున్న. దానికి సుత పరీక్షనా?"

"రీసైకిల్ అంటే పాతది కరిగించి కొత్తది చేయడం."

"మా అత్త పాత ఇత్తడి బిందె కరగబోసి చెంబు చేపిచ్చింది. ఇంకేందో చెప్పు."

ఆ పిల్ల నా చేతులున్న కవర్ చూసింది. చీరల షాపుది, ఆకుపచ్చది. మీద ఆకు బొమ్మ, నిగనిగలాడుతుంది. "ఇది బయోడిగ్రేడబుల్ అండీ. కొన్నాళ్లకి దానంతటదే మట్టిలో కలిసిపోతుంది. దీన్ని మాత్రం దాచకండి."

"నా పరుపు కింద మట్టెక్కడిదే? రోజూ దులుపుత!"

రేణుక మల్ల తన ఇంగ్లీష్ మాటలల్ల పడ్డది. నేను గెలిచిన అనుకున్న. ఆ మూడు మాటలు మాత్రం ఆ పిల్లతోని మల్ల మల్ల చెప్పిచ్చుకుని నోటికి పట్టిచ్చిన.

ఎందుకంటరా? సులోచన కోసం. మా బిడ్డ పెండ్లిల, అంతమంది ముందట, ఇంగ్లీష్ పత్రిక నేను తలకిందులు పట్టుకున్ననని, "మా వదినెకు ఇంగ్లీష్ ఒచ్చిన్నాడు గండిపేట చెరువు ఎండుతది" అన్నది. అందరు పకపక నవ్విండ్రు. ఎవలెవలు నవ్విండ్రో నాకు ఇప్పటికీ యాదికున్నది. ఆమె పదో తరగతి చదివింది మరి! ఆమె ఇంట్లనే, ఆమె చుట్టాల ముందట, ఆ మాటకు జవాబు చెప్పాలె. అదొక్కటే నా పట్టు.

ఏడాది తిరిగెటాలకు సులోచన గృహప్రవేశం వచ్చింది. సకినాలు చేసిన, పట్టుచీర కొన్న. పరుపు కిందికెళ్లి ఆ ఆకు బొమ్మ కవర్ తీసిన. వేళ్లకు జర పచ్చగ పొడి అంటింది. రంగు పోతుందేమో అనుకుని కొంగుకు తుడుచుకున్న. చీర అడుగున, సకినాలు పైన పెట్టి, ఆటోల పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లె పెట్టుకుని పోయిన.

పంజాగుట్టల లిఫ్ట్ ఎక్కి లోపలికి పోంగనే సులోచన ఎదురొచ్చింది. హాలు నిండ చుట్టాలు.

"ఏం తెచ్చినవ్ వదినె?" అని చెయ్యి చాపింది.

"ఆగు. ముందుగాల కవర్ చూడు," అన్న.

అందరు నా దిక్కు తిరిగిండ్రు. గొంతు సవరిచ్చుకున్న. "గిది రీయూజ్. బిందెను చెంబు చేస్తే రీసైకిల్. ఇగ గీ కవర్ ఉన్నది చూడు..." అని రెండు చేతులతోని తలకాయ మీదికి ఎత్తిన. "గిది బయోడిగ్రేడబుల్!"

అంతే! కవర్ చెవులు రెండు నా చేతులల్ల ఉన్నయి. కవర్ లేదు.

సకినాలు నా నెత్తిమీదికెళ్లి జారి కొత్త మార్బుల్ మీద బండి గీరలోలె గిరగిర తిరుక్కుంట ఉరికినయి. పట్టుచీర నా కాళ్ల మీద పడ్డది. పచ్చ తునకలు ఫ్యాన్ గాలికి లేచి పాయసంల, పంతులుగారి భుజం మీద, సులోచన కొప్పుల!

"మట్టిల కలుస్తదని చెప్పిండ్రు," అన్న నేను.

"మా ఫ్యాన్‌ల కలుస్తుందేంది వదినె! అరే, ఎవలన్న స్విచ్ బంద్ చెయ్యుండ్రి!"

ఎవరో కిసుక్కుమన్నరు. ఎవరో నేను చూసిన, అది వేరే లెక్క. నేను తల వంచుకుని, మోకాళ్ల మీద కూసోని సకినాలు ఏరవట్టిన. మా సులోచన సుత కొంగు దోపుకుని వచ్చి నా పక్కన కూసున్నది. ఇగ అంటది చూడు, గండిపేట అంటది అనుకున్న. సోఫా కిందికి దొర్లిన సకినం కోసం తలకాయ లోపలికి పెట్టిన, ఆమె మొకం చూడకుండ.

"వదినె, గా పేరేంది? మల్లొకపాలి చెప్పు."

"బయోడిగ్రేడబుల్."

"బయో..." అని ఆగింది. మల్ల పట్టింది. మల్ల ఆగింది. ఆఖరికి అందరికి ఇనబడేటట్టు గట్టిగ అన్నది: "నేను పదో తరగతి చదివిన గని, గంత పెద్ద మాట నా నోటికి తిరుగుతలేదు. మా వదినెకు ఒచ్చు!"

చప్పట్లు సుత కొట్టిండ్రు, ఎవలెవలు కొట్టిండ్రో నేను చూడలే. ఎన్నేండ్ల నుంచి ఎదురుచూసిన ఆ మాట కోసం! తీరా అది వచ్చిన ఘడియల నేను హాలుకు వీపు తిప్పి, సోఫా కింద ఇరుక్కుని ఉన్న.