గంగులయ్య దాటించిన బుడ్డ రాష్ట్రాలు

షువైఖ్ గ్యారేజీ మెకానిక్ గంగులయ్యకు ఒకే ఒక్క జబ్బు. కువైట్‌లో ఏ బండి హ్యాండ్‌బ్రేకు దింపినా సరే, ఆయన అమెరికాలో తేలేవాడు. అమెరికా ముఖం చూసిన పాపాన పోలేదు. కడప దాటాక చూసింది బొంబాయి, ఆ తర్వాత కువైట్, అంతే. ఎప్పుడో రిపేరుకొచ్చిన పెద్ద అమెరికా కారు సీటు కింద ఒక మ్యాపు దొరికింది. అందులో దేశాన్ని అడ్డంగా కోసుకుంటూ రాష్ట్రం వెనక రాష్ట్రం దాటిపోయే హైవే ఒకటి. ఆ రోజు నుంచి మనిషి మనకు దక్కలేదు.

సల్వాలో ఇంటిపని చేసే చిన్నక్క ఒకసారి ఆయన బండెక్కింది.

"సబా అల్ సలేం ఎంతసేపన్నా?"

"ఇదీ ఒక దూరమేనా? ఆ రోడ్డులో ఇంత దూరానికి హారన్ గూడా కొట్టరు."

"నువ్వు పోయినావా?"

"పోయినోళ్లు రోడ్డొక్కటే చూసినారు. నేను మ్యాపంతా చూసినా!"

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. చిన్నక్క 'మామా' అని పిలిచే ఇంటి యజమానురాలు రాత్రికి రాత్రి దేశం దాటింది. సెప్టెంబరులో మనవాళ్లు నలభై రెండు మంది బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోయే బస్సెక్కారు. చిన్నక్కకు ఒళ్లు కాలిపోయే జ్వరం. బస్సు మొత్తానికి నీళ్లు రెండు క్యాన్లు. ఎడారిలో పడ్డ గంటకే వాటి కోసం చొక్కాలు పట్టుకున్నారు.

గంగులయ్య క్యాన్ మీద కూర్చుని మ్యాపు విప్పాడు.

"యల్లా, కూచోండప్పా! రాష్ట్రం దాటినప్పుడల్లా తలా ఒక మూత నీళ్లు. నడిమధ్యలో అడిగినోడికి వీసా లేదు, ఖలాస్!"

నవ్వుతూ ఎదుటివాడి చొక్కా పట్టుకోవడం ఎవరివల్లా కాదు. చేతులు వదిలేశారు.

ఒంటె కనబడితే "టెక్సాస్!" అన్నాడు. తలా మూత. కాలిన ట్యాంకు కనబడితే "ఓక్లహోమా!" తలా మూత. ఇసుక తుఫాను లేస్తే "టెన్నెసీ! కళ్లు మూసుకోండి, అంతా పచ్చదనమే!"

చిన్నక్క తల కిటికీకి వాలిపోయింది. నాలుక అంగిట్లో అతుక్కుంది.

"అన్నా... ఇంకో రాష్ట్రం ఎప్పుడొస్తాది?"

గంగులయ్య ఆమెను చూశాడు. మ్యాపును చూశాడు. "వచ్చేసినాది మే! బుడ్డ రాష్ట్రం. ఒక్క మనిషికే సరిపోతాది. నువ్వొక్కదానివే దాటు."

"పేరేంది?"

"అంత బుడ్డదానికి ఇంకా పెట్టలేదు."

కోనసీమ బుజ్జిబాబు లేచాడు. "నాకూ ఒక బుడ్డ రాష్ట్రం చూడండి గంగులయ్యగారూ!"

"నీ ఒడ్డూ పొడుగుకు టెక్సాసే చాలదు. కూచో!"

అలాంటి బుడ్డ రాష్ట్రాలు దారిలో మూడొచ్చాయి. మూడూ చిన్నక్కే దాటింది. ఒక్కో బుడ్డ రాష్ట్రం వెనకొచ్చిన పెద్ద రాష్ట్రంలో మాత్రం గంగులయ్య తన మూత బోర్లించేవాడు. "నాకు అమెరికా నీళ్లు పడవబ్బా."

అమ్మాన్ శిబిరంలో చిన్నక్క జ్వరం దిగింది. విమానం కోసం ఎదురుచూస్తూ బుజ్జిబాబు మ్యాపు మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"చిన్నక్కగారూ, ఈ రోడ్డు మీద ఉన్నవి ఎనిమిదేనండీ. ఈయన మిమ్మల్ని పదకొండు దాటించారేంటండీ?"

చిన్నక్కకు బోర్లించిన మూతలు మూడు గుర్తొచ్చాయి. లేచి చూస్తే గంగులయ్య కుళాయి కింద నోరు పెట్టి తాగుతున్నాడు. జోర్డాన్ నది ఒక జాన తగ్గి ఉంటుంది.

"ఏమన్నా, నీళ్లు పడవంటివే?"

ఆయన మూతి తుడుచుకున్నాడు.

"ఇది జోర్డాన్ గదమ్మా!" అని మళ్లీ కుళాయి కిందికి వంగాడు.